డైనమో మోసినంత వెలుతురు

బస్తరు సంస్థానం చివరి రోజుల్లో మేము కుంట అనే ఊళ్లో ఉండేవాళ్లం. మా ఆయన సంస్థానం తరపున ఊరూరా తిరిగి మశూచి టీకాలు వేసేవారు. నేను మిషన్ ఆసుపత్రిలో పురుళ్లు పోయడం నేర్చుకున్నదాన్ని. తిరగడానికి ఆయనకొక పాత ఇంగ్లీషు మోటారుసైకిలు ఇచ్చారు. వెనక సీటు మీద నేను, నా ఒళ్లో మందుల పెట్టె. ఆయన టీకాలు వేస్తుంటే నేను కడుపుతో ఉన్నవాళ్లను చూసేదాన్ని.

ఒక ఏడాది వానలు వెనకబట్టాక ఆయనకు బండి దీపం మీద కోపం మొదలైంది. పొద్దు వాలితే బండి నత్తలా నడిచేది. మరైగూడ నుంచి వస్తూ, దారికి అడ్డంగా పడుకున్న గేదెను చూడలేదు. నేను అరిస్తే ఆపారు.

“ఇదేం దీపమే! దీనికన్నా మిణుగురు పురుగు నయం. ఇంకోటి పెట్టించాలె,” అన్నారు.

జగదల్‌పూర్‌లో లారీలు బాగుచేసే షెడ్డుకు వెళ్లాం. మేస్త్రి విజయనగరం వైపు మనిషి. మా ఆయన కన్ను ముందుగా పాత మిలిటరీ లారీ నుంచి ఊడదీసిన పెద్ద దీపం మీద పడింది. బిగించి వెలిగిస్తే షెడ్డు గోడంతా తెల్లబడింది. కానీ హ్యాండిలు దగ్గర కరెంటు రాకపోకలు చూపించే అమ్మీటరు ముల్లు ఎడమకు ఒరిగిపోయింది.

“మీ డైనమో పుట్టించినదానికన్నా ఈ దీపం తినీదే ఎక్కువ బాబూ. బేటరీ కాళీ అయిపోతాది. అప్పుడు ఉన్న దీపం కూడా ఆరిపోతాది,” అన్నాడు మేస్త్రి.

“జోరుగా పోతే డైనమో ఎక్కువ ఇయ్యదా?”

“జోరుగా పోడానికి మీకు దార్లెక్కడున్నాయి బాబూ?”

ముగ్గురం నవ్వాం. కానీ ఆయన పెద్ద దీపాన్ని వదల్లేకపోయారు. మళ్లీ వెలిగించి, మళ్లీ ముల్లు చూసి, చిన్నపిల్లాడిలా దాని చుట్టూ తిరిగారు. చివరికి పసుపు గాజున్న చిన్న దీపం ఒకటి తీసుకున్నారు. దాన్ని కిందగా, దారి ఎడమ అంచు మీద పడేట్టు బిగించారు. అసలు దీపంలో బల్బు కూడా ఒక సైజు తగ్గించారు. రెండూ వెలిగించి, బండి మామూలుగా పోయేంత వేగంగా ఇంజను తిప్పితే, ముల్లు సరిగ్గా మధ్యలో నిలబడింది. డైనమో ఇచ్చేదీ దీపాలు తినేదీ సరిపోయాయి. ఆయన ముఖం వికసించింది.

తిరుగు ప్రయాణంలో దోర్నపాల్ దాటాక పొద్దు గూకింది. ఆయన చిన్న దీపం మీట నొక్కారు. బండ్ల చాళ్లు, గులకరాళ్లు, పక్కనున్న చెదపుట్ట, అన్నీ స్పష్టంగా కనిపించాయి.

“ఎంత బాగుందండీ!” అన్నాను.

కొంచెం దూరం పోయి బండి ఆపారు. ఇంజను ఆడుతుండగానే దిగి, వంగి, చిన్న దీపం గాజును తడిమారు.

“ఇది వెలుగుతందా?”

పసుపు వెలుతురు ఆయన వేళ్ల మధ్య నుంచి దారి మీద పడుతోంది.

“వెలుగుతందండీ.”

“నీకు దారి ఎందాకా కనపడతంది?”

“అదిగో, ఆ మద్దిచెట్టు దాకా.”

“ఏ చెట్టు?” అన్నారు.

ఇంటిదాకా ఆయన భుజాల మీద రెండు చేతులూ వేసి, ఎటు తిరగాలంటే అటు నొక్కుతూ తీసుకొచ్చాను.

రేచీకటే అనుకున్నాను. మేక కార్జం, మునగాకు, చేపనూనె, తెలిసినవన్నీ పెట్టాను. ఏమీ మారలేదు. విశాఖపట్నంలో కళ్ల డాక్టరు చాలాసేపు చూసి, కంటి లోపలి పొర ఎండిపోతోందన్నాడు. ముందు రాత్రి చూపు, తరవాత పక్క చూపు పోతాయనీ, దీనికి మందు లేదనీ చెప్పాడు.

ఆయన బండి తిరిగి అప్పగించేశారు. ఆఫీసులో మోకాళ్ల నొప్పులని చెప్పారు. “కండ్ల సంగతి ఎవరికీ చెప్పకే,” అని నా దగ్గర మాట తీసుకున్నారు. ఆయన స్థానంలో వేరే మనిషి వచ్చాడు. నేను పురుళ్లకు నడిచే వెళ్లేదాన్ని. మా ఇల్లు నా పని మీదే గడిచింది.

క్రమంగా పగలు కూడా వెదురు గొట్టంలోంచి చూసినట్టు ఎదురుగా ఉన్నదే ఆయనకు కనిపించేది. ఒకసారి సంత నుంచి వచ్చి అరుగు మీద కూర్చుని, “ఉద్యోగం పోతే ఒక్కరు కూడా పలకరించరేందే?” అన్నారు.

ఆ రోజు ఎంతోమంది పలకరించారు. ఆయన పక్కనే నిలబడి, మాట లేకుండా చేతులు జోడించి, జవాబు రాక, సాబ్‌కు పొగరెక్కిందని గొణుక్కుంటూ పోయారు. వెనక నడుస్తున్న నాకు అవన్నీ వినిపించాయి.

“పలకరించారండీ. మీ కుడిపక్క నిలబడి పలకరించారు,” అన్నాను.

ఆయన కుడిపక్కకు తల తిప్పి చూశారు.

తరవాతి సంత నుంచి, పక్కన ఏ అలికిడి వినిపించినా అటు తిరిగి, అక్కడివాళ్ల పలకరింపుగా “జోహార్” అనడం మొదలుపెట్టారు. ఒకసారి ఆవుకు కూడా అన్నారు. చుట్టూ ఉన్నవాళ్లు నవ్వారు. సంగతి అర్థమై ఆయనా నవ్వారు. నేను ఆయన చెయ్యి పట్టుకుని ఉప్పు అమ్మే చోటికి నడిపించాను.