అక్క కూర్చునే వైపు

నేను పిరికివాణ్ణి. ఈ మాట చెబితే మా ఊళ్ళో ఎవరూ నమ్మరు. నాది పెద్ద నోరు. నలుగురిలో నేను గొంతు పెంచితే అవతలివాడు సర్దుకుంటాడు. కానీ ఆ నోరంతా గట్టి నేల మీద నిలబడి ఉన్నప్పుడే. మిరపచేనికి పోయే దోవలో, రాతి మెట్టు దగ్గర జీపును మొదటి గేరులోకి తెచ్చేసరికి నా నాలుక పిడచకట్టుకు పోతుంది.

మా చేను గురజాల అవతల ఉంది. పక్కది మా అక్కది. బావ పోయినప్పటి నుంచి రెండు చేలూ కలిపే చేస్తున్నాం. సేద్యం అక్కది, బండి తోలకం నాది. చేనికి పోవాలంటే అర మైలు నాపరాయి పరుపు మీద నడపాలి. ఒకచోట ఆ పరుపు తెగి, మోకాలెత్తున మెట్టులా దిగుతుంది. ఎడమ పక్కన వాగు. ఇంకో దోవ ఉండేది గానీ క్వారీ వాళ్ళు గేటు పెట్టి మూసేశారు. వాళ్ళతో కూడా అరిచాను. గేటు మాత్రం తెరవలేదు.

కిందటేడు కోతల్లో, వాన పడిన మర్నాడు, ఆ మెట్టు మీద జీపు ముందు చక్రం ఎడమకి జారింది. అక్క కూర్చున్న వైపు తలుపు కింద అంచు బండకు తగిలి ఫెళ్ళుమంది. బండి అక్కడే ఆగిపోయి వాగు వైపు ఒరిగింది. అక్క నా చొక్కా పట్టుకుంది. అరవలేదు. తలుపు బిగుసుకుపోయింది. అది తెరుచుకున్నా కింద వాగే. వెనక నడిచి వస్తున్న కోత ఆడవాళ్ళు పరుగెత్తుకొచ్చి, నా వైపు ఫుట్‌బోర్డు మీద నలుగురెక్కి బండిని బరువుతో తొక్కిపట్టారు. అక్క గేరు రాడ్డు మీదుగా పాక్కుంటూ నా తలుపులోంచి దిగింది. దిగి చీర దులుపుకుని, "టిఫిను క్యారేజీ లోపలే ఉందిరా" అంది.

ఆ రోజు నుంచి బండి తాళం చేతిలోకి తీసుకుంటే చాలు, ఆ ఫెళ్ళుమన్న చప్పుడే వినపడేది. నా సంగతి నాకు పెద్దగా పట్టలేదు. కానీ ఆ ఎడమ సీటులో కూర్చునేది అక్క. ఇంకోసారి ఆ అంచు బండకు తగిలితే ఆమె ఏమవుతుందన్నదే నా బెంగ.

నరసరావుపేటలో ఇలాంటి జీపులు బాగుచేసే మెకానిక్ ఒకతను రాక్ స్లైడర్లు పెట్టించుకోమన్నాడు. రెండు తలుపుల కిందా పొడుగునా ఒక్కో మందపాటి ఇనప గొట్టం. బండి అడుగు చట్రమైన ఛాసిస్‌కి పట్టి ఉంటుంది. బండ తగిలితే రేకు నలగదు, ఆ గొట్టం మీద బండి జారి దిగిపోతుంది. ఇంతవరకు బాగానే ఉంది. దాన్ని ఛాసిస్‌కి బోల్టులతో బిగించాలా, వెల్డింగ్ పెట్టించాలా అన్న దగ్గర నాకు ప్రాణసంకటం వచ్చిపడింది.

"బోల్టులే పెట్టించండి సార్. వెల్డింగ్ వేడికి ఛాసిస్ పెళుసెక్కుద్ది. ఒకరోజు ఆడికాడికి పుటుక్కుమంటది" అన్నాడు మెకానిక్.

గురజాల రోడ్డులో ట్రాక్టర్ ట్రాలీలు చేసే షెడ్డతను నవ్వాడు. "బోల్టు సడలుద్ది బాబాయ్. ఇన్ని ట్రాలీలు చేశా, యాడన్నా బోల్టులు ఏసినానా? వెల్డింగ్ పెడితే బండి పోయినా ఆ గొట్టం పోదు."

ఇద్దరూ నన్ను ధైర్యపరుద్దామనే చెప్పారు. నాకు మాత్రం పుటుక్కుమనేదీ సడలేదీ రెండూ అక్క కిందే జరుగుతున్నట్టు కనపడేది. అన్నం తింటూ ఆగిపోయేవాణ్ణి. వారం తర్వాత వెల్డింగే అన్నాను. మా ఇళ్ళ గేట్లు, కిటికీ ఊచలు, ట్రాలీలు అన్నీ వెల్డింగే గదా అన్నదొక్కటే నా తర్కం.

షెడ్డుకి అక్క కూడా వచ్చింది. తన వైపు పని తను చూసుకోవాలంది. ఆ షెడ్డతనే వెల్డరు. బ్యాటరీ వైర్లు తీసి పక్కన పెట్టి, "బండిలో ఏమన్నా ఉందా బాబాయ్?" అని అడిగాడు.

"ఏం లేదు, నువ్వు కానియ్" అన్నాను.

నేను అబద్ధం చెప్పలేదు. నా లెక్కలో నిజంగానే ఏమీ లేదు. మిరపకి మందు కొట్టే ఇంజనుకు పెట్రోలు కావాలి. ఆ క్యాను మా వైపు ఏ రైతు బండిలోనైనా వెనక గోతాల కింద ఉంటుంది. స్టెప్నీ ఉన్నట్టే అదీ ఉంటుంది. బండిలో ఏముందని అడిగితే స్టెప్నీ ఉందని ఎవరూ చెప్పరు గదా.

ఎడమ వైపు గొట్టాన్ని పట్టే మొదటి బ్రాకెట్టు అంటించాడు. నిప్పురవ్వలు చిమ్ముతున్నాయి. అక్క కొంగు కళ్ళకు అడ్డం పెట్టుకుని నిలబడింది. కాసేపటికి, "ఒరేయ్, గోతాలు కాలతన్న వాసనొస్తంది" అంది.

బండి నేలరేకు తుప్పుపట్టి అక్కడక్కడా చిల్లులు పడింది. ఒక రవ్వ వాటిలోంచి పైకెగిరి గోతాల్లో పడింది. క్యాను సంగతి నాకు అప్పుడు గుర్తొచ్చింది. "పెట్రోలు" అనబోయాను. అంత నోరున్నవాణ్ణి, గుంజకు కట్టేసినట్టు నిలబడిపోయాను.

అక్క నా ముఖం చూసింది. ఏమర్థమైందో, వెనక తలుపు లాగి, పొగొస్తున్న గోతాల కింద చెయ్యి పెట్టి, క్యాను బయటికి లాగి, రెండు చేతులా పొట్టకు అదుముకుని రోడ్డు అవతలికి నడిచింది. పరుగెత్తలేదు. వెల్డరు బక్కెట్టుతో నీళ్ళు తెచ్చి గోతాల మీద కుమ్మరించాడు.

తర్వాత అతను నన్ను తిట్టిన తిట్లు ఇక్కడ రాయను. "అడిగా గదా! నోరిప్పి అడిగా గదా నిన్ను!" అన్నది ఒక్కటే రాయదగ్గది. నేను తడిసిన గోతాలు ఒక్కొక్కటే కిందికి లాగాను.

అక్క రోడ్డు అవతలి నుంచి వచ్చి, "అబ్బాయ్, ఆ అంటించింది కోసెయ్. బోల్టులే పెట్టు. బండికి నిప్పు పెట్టమాక" అంది.

"సడలతయ్ పిన్నీ."

"సడలితే బిగిచ్చుకుంటాం. కాలితే ఏం జేసుకుంటాం?"

నేను వారం రోజులు నలిగింది ఆమె అక్కడికక్కడ తేల్చేసింది. అతను బ్రాకెట్టును గ్రైండరుతో కోసి, మిగిలిన వెల్డింగ్ అంతా బండికి దూరంగా నేల మీదే చేసి, ఛాసిస్‌కి ప్లేట్లు వేసి, ఒక్కో బోల్టుకు రెండేసి నట్లతో బిగించాడు. ఇంటికొచ్చాక రోజూ పొద్దున్నే బండి కింద దూరి స్పానరుతో అన్నీ తడిమి చూసుకునేవాణ్ణి. "అట్టా బిగిస్తా పోతే మరలు తెగుతయ్‌రా" అని అక్క కసురుకుంటే ఆ భయం కూడా కొత్తగా పట్టుకుంది.

మళ్ళీ చేనికి పోయిన మొదటి రోజు, మెట్టు అంచున బండి ఆపాను. హ్యాండ్ బ్రేకు వేశాను. మళ్ళీ దాన్ని దించబుద్ధి కాలేదు.

"ఎంతసేపని ఇట్టా కూర్చుంటావ్" అంది అక్క. "నేను దిగుతా."

ఆమె దిగింది. సిగ్గు విడిచి చెబుతున్నాను, నాకు ప్రాణం లేచొచ్చింది. ఎడమ సీటు ఖాళీ. ఇక గొట్టం ఊడనీ, తలుపు నలగనీ, ఒరిగితే నేనొక్కణ్ణే ఒరుగుతాను.

అక్క నడుచుకుంటూ మెట్టు దిగి, కింద బండ మీద నిలబడి, బండికి ఎదురుగా తిరిగింది. వంగి చక్రం కింద చూసి, చెయ్యూపుతూ, "ఎడమకి తిప్పు. ఇంకొంచెం. ఇప్పుడు రా" అంది.

ఆమె పక్కనే వాగు. ముందు నా బంపరు. బోల్టులా, వెల్డింగా అని అంత తన్నుకుని నేను పెట్టించిన ఇనుమంతా పక్కల్లో ఉంది. ఆమెకూ నాకూ మధ్య ఉన్నది బ్రేకు మీద నా కాలు ఒక్కటే.

"అక్కా, పక్కకి జరుగు!" అని అరిచాను. అది అరుపులా లేదు, ఏడుపులా ఉంది.

"జరిగితే చక్రం కింద ఏముందో నీకెవురు చెబుతార్రా? రా. నిన్ను నమ్మే గదా నిలబడ్డా."

ఆ మాటకు నా భయం పోలేదు, రెట్టింపయింది. హ్యాండ్ బ్రేకు దించి, కాలు కిందున్న బ్రేకు పూర్తిగా వదలకుండా, ఆమె ముఖం మీంచి చూపు తిప్పకుండా, బండిని అంగుళం అంగుళం దించాను.