దోహా అన్నయ్య పంపిన కొత్త సంవత్సరం లెన్సు

2021 జూన్‌లో నన్ను రాజోలు దగ్గరి ఒక చిన్న ఆఫీసుకి సబ్ పోస్టుమాస్టరుగా వేశారు. రిటైర్మెంటుకి రెండేళ్లుంది. ముప్పై నాలుగేళ్లు తపాలా శాఖలో పనిచేసినవాడికి అనుమానం ఒంటికి పట్టేస్తుంది. పార్సెల్ సీలు పక్కకి జరిగితే ఎవరు జరిపారంటాం, జరక్కపోతే ఇంత భద్రంగా ఎలా వచ్చిందంటాం. నేను అందులో నలుగురికంటే ఒకాకు ఎక్కువే చదివాను.

ఆ డిసెంబరు ముప్పయ్యో తేదీన ఢిల్లీ వ్యాపారి ఒకరు బుక్ చేసిన పార్సెల్ వచ్చింది. అందుకోవలసినవాడు లంక గ్రామంలో ఉండే శ్రీను. కొబ్బరి వ్యాపారం, దానికి మించి ఫొటోల పిచ్చి. తెల్లారేసరికి అంతర్వేది వెళ్లి సముద్రపు పిట్టల్ని తీస్తుంటాడు. దోహాలో పనిచేసే అతని అన్నయ్య కొత్త సంవత్సరానికి దూరంనుంచి తీసే పెద్ద లెన్సు ఆన్‌లైన్లో కొంటున్నానని ఇంటిల్లిపాదికీ చెప్పాడు. ఆ కబురు ఊరంతా తెలుసు, ఆఫీసులో మాకూ తెలుసు.

బట్వాడా సత్యవతిది. ఆవిడ గ్రామీణ డాక్ సేవక్, అంటే రోజుకి కొన్ని గంటలే పని, పర్మనెంటు ఉద్యోగి కాదు. పద్నాలుగేళ్ల తరవాత డిపార్టుమెంటు పరీక్ష పాసై, పోస్టుమాన్ ఆర్డరు కోసం ఎదురుచూస్తోంది. ఈ సమయంలో ఒక్క ఫిర్యాదు నమోదైనా ఆ ఆర్డరు ఆగిపోతుంది.

ముప్పయ్యో తేదీ సాయంత్రం శ్రీను ఇంటికి తాళం వేసి ఉంది. బట్వాడా కాని వస్తువు ఆ రోజే ఆఫీసులో జమ చేయాలన్నది రూలు. చివరి బస్సు వెళ్లిపోవడంతో సత్యవతి దాన్ని తన ఇంటికి తీసుకెళ్లింది. మర్నాడు పొద్దున్నే శ్రీను చేతికిచ్చి సంతకం తీసుకుంది.

పది గంటలకల్లా శ్రీను పెట్టెతో సహా ఆఫీసుకొచ్చాడు. కౌంటరు మీద పెట్టి తీసిన వస్తువు చూస్తే నాకు లెన్సే అనిపించింది. నల్లటి గొట్టం, గీతలు, అంకెలు, అన్నీ ఉన్నాయి. శ్రీను మూత తీశాడు. లోపల స్టీలు. కాఫీ తాగే కప్పు.

"లెన్సు తీసేసి ఇది పెట్టేరండి," అన్నాడు. ఎవరని నేను అడగలేదు. పెట్టె మూల కొత్త బ్రౌన్ టేపు కనిపిస్తూనే ఉంది.

సత్యవతిని పిలిచాను. పెట్టె రాత్రంతా ఆవిడ ఇంట్లోనే ఉంది. టేపు వేసింది తనేనని కూడా ఒప్పుకుంది. ఆటో దిగుతుంటే మూల చిరిగిందట, లోపలిది పడిపోకుండా అంటించిందట. "ఆయ్, రూలు తప్పేనండి. పెట్టె మాత్రం విప్పలేదండి," అంది. ఏడవలేదు, ఒట్లు పెట్టలేదు. అదీ నాకు అనుమానంగానే తోచింది. మధ్యాహ్నానికల్లా ఇన్‌స్పెక్టరు గారికి రిపోర్టు రాసి పంపేశాను. విచారణ తేలేవరకూ 'పుట్ ఆఫ్ డ్యూటీ'లో ఉంచమని సిఫార్సు చేశాను. ఉద్యోగి విషయంలో సస్పెన్షన్ అనేదాన్ని డాక్ సేవక్ విషయంలో అలా అంటారు.

జనవరి ఒకటిన అందరూ కేకులు పంచుకుంటుంటే నేను విచారణ ఫారం నింపుతూ కూర్చున్నాను. అందులో ఒక గడి ఉంటుంది: బుకింగ్‌లో తూకం, ఇప్పటి తూకం. పెట్టె మీది లేబుల్లో నాలుగు వందల పది గ్రాములని అచ్చయి ఉంది. కప్పూ, థర్మోకోలూ, అట్టపెట్టే కలిపి కాటా మీద పెట్టాను. నాలుగు వందల పన్నెండు. ఎక్కువైన రెండు గ్రాములూ ఆ టేపువి.

మూడుసార్లు తూచాను. ఆ కాటా నా కుర్చీకి నాలుగు అడుగుల దూరంలో ఉంటుంది.

శ్రీనుని పిలిపించి, మీ అన్నయ్య కొంటానన్న లెన్సు ఎంత బరువుంటుందని అడిగాను. ఒక్క లెన్సే కిలోన్నర దాకా ఉంటుందన్నాడు. అన్ని లెన్సులూ అన్ని కెమెరాలకీ పట్టవని, తన కెమెరా ఏదో అన్నయ్యకి మూడుసార్లు మెసేజి పెట్టానని కూడా చెప్పాడు. లేబుల్ చూపించాను. దోహాకి ఫోను కలిపి స్పీకరులో పెట్టాడు. పోస్టాఫీసు పరిహారం ఇవ్వాలంటే కొన్న బిల్లు కావాలి, పంపండని అడిగాను. బిల్లు మాటెత్తేసరికి అవతల గొంతు తగ్గిపోయింది.

"బిల్లెందుకండీ మాస్టారూ. వదిలెయ్యండి. పాపం ఆవిణ్ణేం అనకండి."

"మీరు కొన్నది ఇదేనా?"

"ఫొటోలో లెన్సులాగే ఉందండి," అన్నాడు.

శ్రీను ఫోను కట్టేసి, ఫిర్యాదు వెనక్కి తీసుకుంటున్నట్టు రాసిచ్చాడు. కాగితం వైపే చూస్తూ రాశాడు. వెళ్తూ వెళ్తూ సత్యవతి ముందు ఆగి, "తప్పయిపోయిందండి," అన్నాడు. కప్పు మాత్రం తీసుకెళ్లాడు.

ఆ అన్న చౌకలో లెన్సు దొరికిందని మోసపోయాడో, కప్పని తెలిసే పంపి పోస్టాఫీసు మీదకి నెట్టేద్దామనుకున్నాడో నాకు ఇప్పటికీ తెలీదు. నా అనుమానం రెండోదాని వైపే. ముందురోజు తమ్ముడు తనకి ఫోను చేసి సత్యవతిని తిడుతుంటే విని ఊరుకున్నాడని తరవాత తెలిసింది. ఎవరికైనా ఇష్టమైనది కొనిపెట్టాలంటే, దాని గురించి మనకి తెలీదని ముందు ఒప్పుకోవాలి. ఆ మనిషికి అంతమాత్రం సిగ్గు చంపుకోవడం చేతకాలేదు.

ఇన్‌స్పెక్టరు గారికి ఫోను చేసి రిపోర్టు వెనక్కి తెప్పించుకున్నాను. రాత్రంతా ఇంట్లో ఉంచినందుకు సత్యవతికి హెచ్చరిక మెమో ఇచ్చాను, అది ఇవ్వక తప్పదు, దానివల్ల ఆర్డరు ఆగదు. మెమో అందుకుని సంతకం పెట్టింది. "మీరు నన్ను నిన్న అడిగేరండి. కాటాని ఇవాళ అడిగేరు," అంది. నాకు ఆవిణ్ణి తలెత్తి చూడ్డానికి సిగ్గేసింది.

మార్చిలో ఆవిడకి పోస్టుమాన్ ఆర్డరు వచ్చింది. మా ఆఫీసులోనే ఖాళీ ఉంది, ఇంటికి దగ్గర. ఆవిడ ముమ్మిడివరం వైపు కోరుకుని వెళ్లిపోయింది.

అనుమానించడం పోస్టుమాస్టరు పనిలో భాగమే, దానికి నేను బాధపడను. అయితే వస్తువుని తూచి చూశాక మనిషిని అడగాలి. ఆ వరస తప్పింది నేను. మెమో మాత్రం ఆవిడ సర్వీసు కాగితాల్లో ఉంది.