చేపల చిరునామా చెప్పని టోర్‌గేర్

టోర్‌గేర్ హౌకోస్ జీవితంలో ఒక్క విషయంలో తప్ప ఎప్పుడూ అబద్ధమాడలేదు. ఆ ఒక్క విషయం, ఏ చేపను ఎక్కడ చూశాడన్నది.

మిగతా వాటిలో అతని నిజాయితీకి స్కార్‌వోయ దీవి మొత్తం భయపడేది. ప్రసంగంలో తనకు ఏ వాక్యం దగ్గర నిద్ర పట్టిందో పాస్టరు గారికే చెప్పాడు. మరదలు చేసిన చేపల సూపు రుచి చూసి, "గిన్నె కడిగిన నీళ్ళు ముందు వడ్డించావా?" అని అడిగాడు. ఆ తర్వాత క్రిస్మస్ పిలుపులు ఆగిపోయాయి. అలాంటి మనిషిని "తోడేలుచేప ఎక్కడ కనిపించింది?" అని అడిగితే మాత్రం చూపు కొండల మధ్యకు చొచ్చుకొచ్చిన ఫియోర్డు నీళ్ళ మీదికి పోతుంది. గొంతులోకి పొగమంచు దిగుతుంది. "అదిగో... దీపస్తంభం అవతల," అంటాడు. దీపస్తంభం అవతల ఉన్నది ఉత్త ఇసుక.

దీవిలో సిలిండర్లు కట్టుకుని సముద్రం అడుక్కి దిగేవాళ్ళ మునకల క్లబ్బు ఒకటి ఉంది. తొమ్మిది మంది సభ్యులు, గళ్ళ గళ్ళ తీపి అట్లు పోసే ఒక వాఫుల్ పెనం, గోడ నిండా ఒక సముద్రపటం. నీళ్ళు ఐదు డిగ్రీలున్నప్పుడు డబ్బులిచ్చినా ఎవరూ దిగరు. వీళ్ళు చందా కట్టి దిగుతారు. ఆదివారం మునక అయ్యాక, ఏ జంతువును ఎక్కడ చూశారో పటం మీద రంగు గుండుసూది గుచ్చి తీరాలి. సూది గుచ్చని వాడికి వాఫుల్ లేదు. టోర్‌గేర్‌కు వాఫుల్ అంటే ప్రాణం. అందుకని అందరికన్నా ఎక్కువ సూదులు గుచ్చింది అతనే.

పటానికి దుమ్ము దులిపేది కార్యదర్శి గున్‌వోర్. యాభై ఎనిమిదేళ్ళ మనిషి, బళ్ళో వంట చేస్తుంది.

"ఏమయ్యా, తోడేలుచేప చర్చి గంటస్తంభంలో కాపురం పెట్టిందా?"

"చెయ్యి వణికింది."

"పోయిన వారం సొరచేప బడి మైదానంలో ఆడుకుంది."

"చలికి వణికింది."

"అంత వణికే చేత్తో కాఫీ ఒక్క చుక్క ఒలకకుండా తాగుతున్నావే!"

"కాఫీ వేడిగా ఉంటుంది కదా."

క్లబ్బు అధ్యక్షుడు స్వెర్రె. అతని కెమెరా చిన్న పొయ్యంత ఉంటుంది, రెండు వైపులా లైట్లు. అతను నీళ్ళలోకి దిగితే తెల్లారిందనుకుని చేపలు నిద్ర లేస్తాయి. అతను తీసిన ఫొటోల్లో ప్రతి చేప ముఖమూ ఒకలాగే ఉంటుంది, ఇంటికి పోలీసులు వచ్చినట్టు. టోర్‌గేర్ సూదుల గుట్టు విప్పడానికి స్వెర్రె ఏళ్ళు కష్టపడి ఒక సిద్ధాంతం తయారుచేశాడు: వాడు ఉత్తరం చూపిస్తే దక్షిణం వెళ్ళాలి, వాడు చూపినంత దూరమూ వెళ్ళాలి. ఆ సిద్ధాంతాన్ని పసిగట్టడానికి టోర్‌గేర్‌కు ఒక వారం పట్టింది. అప్పటి నుంచి స్వెర్రె లెక్క కూడా ఇసుకలోకే తీసుకుపోయేలా గుచ్చడం మొదలుపెట్టాడు.

అందరూ నవ్వుకునేవాళ్ళు. గున్‌వోర్‌కు మాత్రం నవ్వు వచ్చేది కాదు. ఆమెకు ముద్దచేప తండ్రిని చూడాలని కోరిక.

ముద్దచేప ఎలా ఉంటుందంటే, ఎవరో పిండి ముద్ద చేసి, కళ్ళు అతికించి, ఆకారం సంగతి తర్వాత చూద్దాంలే అని మరిచిపోయినట్టుంటుంది. వసంతంలో ఆడది లోతుల్లోంచి వచ్చి, రాళ్ళ సందున గుడ్లు పెట్టి తన దారిన తాను పోతుంది. మగది నారింజ రంగు తిరిగి, పొట్ట కింది బిళ్ళతో రాయికి అతుక్కుని, తిండి మానేసి, పిల్లలయ్యేదాకా నెలకు పైగా గుడ్ల మీద నీళ్ళు ఊదుతూ కూర్చుంటుంది. టోర్‌గేర్ సూదుల్ని నమ్మి గున్‌వోర్ పందొమ్మిది వసంతాలు నీళ్ళలోకి దిగింది. పందొమ్మిది రకాల ఇసుకను చూసి వచ్చింది.

పోయిన ఏడాది ఆకులు రాలే కాలంలో ఆమె చెవికి ఆపరేషన్ అయింది. "నీళ్ళ మీద తేలు. ఒక్క మూర కూడా కిందికి దిగకు, ఇక ఎప్పటికీ," అన్నాడు డాక్టరు.

మే మొదటి శనివారం పొద్దున ట్రోండ్‌హైమ్ నగరం నుంచి పన్నెండు మంది ముద్దచేపను చూద్దామని వచ్చారు. స్వెర్రె టోర్‌గేర్‌ను పటం ముందుకు లాక్కొచ్చాడు.

"ఒరేయ్, పరువు పోతుంది. ఈ ఒక్కసారి నిజం చెప్పు."

టోర్‌గేర్ నిట్టూర్చి ఉత్తరపు కొన దగ్గర ఎర్ర సూది గుచ్చాడు. "పదహారు మీటర్ల లోతు. మా అమ్మ మీద ఒట్టు."

"మీ అమ్మ మీదా!" స్వెర్రె అతిథుల వైపు కన్ను గీటి, స్కేలు తీసి, దక్షిణానికి అంతే దూరం కొలిచాడు. పదమూడు మందీ సిలిండర్లు మోసుకుంటూ అటే పోయారు. పదహారు మీటర్ల లోతున వాళ్ళకు దొరికింది ఎవరో పారేసిన స్నానాల తొట్టి. అందులో ఉన్న ఎండ్రకాయ, స్నానం మధ్యలో ఎవరో తలుపు తీసినట్టు చూసింది.

క్లబ్బులో ఇద్దరే మిగిలారు. టోర్‌గేర్ వాఫుల్ అందుకుని గోధుమరంగు జున్ను పరుచుకుని సగం కొరికాడు.

"కింద పెట్టు," అంది గున్‌వోర్.

"సూది గుచ్చానుగా."

"అబద్ధపు సూదికి వాఫుల్ లేదు. కొత్త నియమం."

"ఎవరు పెట్టారు?"

"నేను. ఇప్పుడే." ఆమె కప్పుల్ని ఒకదాని మీద ఒకటి పేరుస్తోంది. అవి మామూలు కన్నా గట్టిగా మోగుతున్నాయి. "స్వెర్రెకు చెప్పుకో, ఊరికి చెప్పుకో, నాకేం. నాకెందుకు చెప్పావు అబద్ధం? పందొమ్మిదేళ్ళు! ఇప్పుడు నిజం చెప్పినా నేను దిగలేను. ఆ చేపను చూడకుండానే పోతాను. కారణం నువ్వేనని సమాధి రాయి మీద రాయించుకుంటాను, చూస్తూండు."

టోర్‌గేర్ సగం వాఫుల్‌ను పళ్ళెంలో పెట్టేశాడు. అతను వాఫుల్‌ను సగంలో వదలడం ఎవరూ ఎరుగరు. గడియారం చూశాడు. పదకొండు కావస్తోంది, సముద్రం వెనక్కి తగ్గే వేళ.

"నా కాఫీ కప్పు నీళ్ళలో పడిపోయింది," అన్నాడు.

"ఏమిటీ?"

"పాత చేపల రేవు దగ్గర. మంచి కప్పు. లోతు లేదు, పైన తేలుతూ చూస్తే చాలు, కనిపిస్తుంది."

"నువ్వే తేలు."

"కళ్ళజోడు లేదు."

"ముక్కు మీదున్నదేమిటి?"

"ఇది దూరపు చూపుకి. కప్పు దగ్గర్లో ఉంది."

గున్‌వోర్ రబ్బరు సూటు పొరపాటున అతని వ్యానులోనే ఉంది. చెవిలో పెట్టుకునే మైనపు బిళ్ళలూ, మాస్కూ, ఊపిరి గొట్టమూ కూడా ఉన్నాయి.

"ఇవన్నీ పొరపాటేనా?"

"ఒకటి జరిగితే వరుసగా జరుగుతాయి."

వ్యాను చర్చి దాటింది. తర్వాత అతనే అన్నాడు. "నువ్వు చేరకముందు ఒకసారి నిజం గుచ్చాను. మర్నాడు స్వెర్రె పదకొండు మంది అతిథుల్ని వెంటేసుకుని పోయాడు. ఆ లైట్లకు ముద్దచేప తండ్రి బెదిరి రాయి వదిలేశాడు. మధ్యాహ్నానికి గుడ్లన్నీ ఎండ్రకాయలు తినేశాయి."

"వాఫుల్ పెనం పైన వేలాడే ఎండ్రకాయల ఫొటో..."

"అదే. 'సముద్రంలో విందు'. లైబ్రరీ వాళ్ళు బహుమతి కూడా ఇచ్చారు."

గున్‌వోర్ అతని వైపు తిరిగింది. "నాకొక్కదానికీ చెప్పొచ్చుగా."

"నీకు దాచడం రాదు తల్లీ. స్వెర్రె పుట్టినరోజుకు మనం రహస్యంగా విందు పెడుతున్నామని స్వెర్రెకే ఫోన్ చేసి చెప్పావు."

"కేకు ఏది కావాలో అడగాలి కదా!"

పాత రేవును అందరూ వదిలేసి చాలా కాలమైంది. గోడకు వేలాడే తుప్పు నిచ్చెనకు మాత్రం నాలుగు కొత్త మెట్లున్నాయి. రంగు వాసన ఇంకా పోలేదు.

"ఇదెవరు బాగుచేశారు?"

"మున్సిపాలిటీ."

ఆ మున్సిపాలిటీ ఈ రేవులో మాడిపోయిన బల్బును ఆరేళ్ళుగా మార్చలేదు. "మున్సిపాలిటీ వాళ్ళు మరీ నీ పడవ రంగే వేశారే," అంది గున్‌వోర్, మెట్లు దిగుతూ.

"దీవిలో రంగులెన్ని దొరుకుతాయేంటి?"

చల్లదనం ముందు పెదవుల్ని కొరికింది, తర్వాత అలవాటైంది. ఆమె బోర్లా తేలి ముఖం ముంచింది. కింద నాచు ఆకులు ఒకే వైపు వాలి, మళ్ళీ ఒకే వైపు లేస్తున్నాయి, నిద్రలో ఊపిరి తీస్తున్న మనిషి ఛాతీలా. వాటి మధ్య రెండు రాళ్ళు. రాళ్ళ సందున, బారెడు లోతులో, ఎవరో మరిచిపోయిన నారింజపండు. ఆ పండుకు కళ్ళున్నాయి.

తండ్రి కదల్లేదు. పని మధ్యలో పలకరించిన మనిషిని చూసే గుమాస్తాలా ఆమెను ఒకసారి చూసి, విసుగ్గా మళ్ళీ గుడ్ల వైపు తిరిగి నీళ్ళు ఊదసాగాడు. ఊదినప్పుడల్లా బుగ్గలు పొంగుతున్నాయి. వెలుతురు దారాలు దారాలుగా అతని గరుకు వీపు మీదికి జారి, తెగి, మళ్ళీ కలుస్తోంది. గుడ్లలో నల్లటి చుక్కలు అప్పుడే తేలుతున్నాయి, పుట్టకముందే చూడటం మొదలుపెట్టిన కళ్ళు.

ఇంత తక్కువ లోతులో ముద్దచేప గూడు దీవి మొత్తంలో ఎన్ని చోట్ల ఉంటుంది? మార్చి నుంచీ టోర్‌గేర్ ఒక్కో రేవు అంచునా బోర్లా పడుకుని గంటలకొద్దీ నీళ్ళలోకి చూస్తూ కనిపించాడు. ముసలాడికి మతి పోయిందని ఊరంతా తీర్మానించింది. ఆ తీర్మానాన్ని బళ్ళో వంటింటి నుంచి ఊరంతా మోసినవాళ్ళలో గున్‌వోర్ కూడా ఉంది.

ఆమె చుట్టూ చూసింది. కప్పు ఎక్కడా లేదు.

తల పైకెత్తింది. టోర్‌గేర్ రేవు అంచున కాళ్ళు వేలాడేసి కూర్చుని, ఆమె ముఖం కేసి చూడకుండా ఎదురుగా ఉన్న కొండకేసి చూస్తున్నాడు.

"దొరికిందా కప్పు?"

గున్‌వోర్ గొట్టం నోట్లోంచి తీసింది. ఏం చెప్పాలో ఒక్క క్షణం ఆలోచించింది.

"లేదు," అంది. "ఇంకా వెతకాలి."

"నిదానంగా వెతుకు," అన్నాడు టోర్‌గేర్, ఫ్లాస్కు మూత తిప్పి ఆ మంచి కప్పులోనే కాఫీ పోసుకుంటూ. "ఇంకో మూడు వారాలు అక్కడే ఉంటుంది."