మా ఫైబర్ మేస్త్రి చెప్పిన ఒకే ఒక్క అబద్ధం

మా ఫైబర్ మేస్త్రి పోయారు. సోమవారం పొద్దున దోహాలో, ముషైరిబ్ స్టేషన్లో మెట్రో దిగి ఆఫీసుకి నడుస్తుంటే ఆయన కూతురు ఫోన్ చేసింది. "అక్కా, బాపు పోయిండు. రాత్రి మంచిగనే తిని పండుకున్నడు. పొద్దుగాల లేపితె లేవలే" అంది. "అయ్యో తల్లీ" అన్నాను. పక్కనున్న గోడకి ఆనుకుని నిలబడిపోయాను.

ఆ పిల్ల కాసేపు ఏడ్చి, ముక్కు చీదుకుని, ఇంకో మాట అడిగింది. "బాపు ఊరందరికి చెప్పిండక్కా, దుబాయ్ల నేను చేసిన కారుల నేనే కూసోని తిరిగిన అని. మా అమ్మ నమ్మకపోతుండె. మీ బాపు కారెక్కిండా అని నవ్వుతుండె. ఆ కారు నడిచిన వీడియో ఉంటె పంపవా? దినాల నాడు అమ్మకు సూపిస్త."

ఆ కారు అసలు నడవలేదు. వాళ్ళ ఊరికి గల్ఫంతా దుబాయే గానీ, ఆయన ఉన్నది ఇక్కడే, ఖతర్‌లో. ఉన్నన్నాళ్ళూ అది ఒక్క అడుగు కూడా సొంతంగా కదల్లేదు. ఆయన ఊరికి తిరిగి వెళ్ళిపోయిన ఈ నాలుగు నెలల్లో నేను దాని మీద కప్పిన గుడ్డ కూడా ఎత్తలేదు. జన్మలో అబద్ధమాడని మనిషి ఊరికెళ్ళి ఒక అబద్ధం ఆడాడు, అదీ నా పరువు కోసం. "పంపిస్తానమ్మా" అన్నాను. చేతిలో పది రోజులున్నాయి.

ఇక్కడ మీకు ఆ కారు సంగతి చెప్పాలి. రెండేళ్ళ కిందట నేనొక కారు కొన్నాను. కారంటే కారు కాదు, కారు ముక్కలు. పొడుగాటి ముక్కు, గుండ్రటి దీపాలు, చక్రాల మీద వంపు తిరిగిన మడ్‌గార్డులు, రెండే సీట్లు. పాతకాలపు ఆకారమే గానీ ఒళ్ళంతా ఫైబర్. ఇంజనూ, అడుగున ఉండే ఛాసీ చట్రమూ ఏదో పాత చిన్న కారువి తెచ్చుకుని, ఇంట్లోనే మనమే బిగించుకోవాలి. చిన్నప్పుడు కాకినాడలో మా వీధి డాక్టరుగారి కారుని చూసి పట్టిన పిచ్చి ఇది. మా ఆయన మాత్రం, "పుర్రెకో బుద్ధి అంటారు గానీ, నీ పుర్రెకి ఇదేం బుద్ధే!" అన్నారు. రోడ్డెక్కించడానికి అనుమతి రాదని తెలుసు. మదీనత్ ఖలీఫాలో మేముండే కాంపౌండులో తిరిగితే చాలనుకున్నాను.

పెట్టె వచ్చింది. విప్పితే ముక్కు ఈ చివర నుంచి ఆ చివరికి పగిలి ఉంది, ఎడమ మడ్‌గార్డు మూడు ముక్కలైంది. అమ్మినవాళ్ళు ఓడెక్కించాక మాకు సంబంధం లేదన్నారు. మా ఆయన తూకానికి అమ్మేద్దామన్నారు. "చచ్చినా అమ్మను" అన్నాను. అనడమైతే అన్నాను గానీ, ఏం చేయాలో నాకూ తెలీదు.

ఆ వారమే చేపల కోసం అల్ రువైస్ వెళ్ళాం. రేవు పక్కన రేకుల షెడ్డులో ఒక పెద్దాయన కళ్ళు మూసుకుని పడవ పొట్టని అరచేత్తో రుద్దుతున్నారు. భుజానికీ చెవికీ మధ్య ఫోను ఇరికించుకుని, "పైలం బిడ్డా, పైలం" అంటున్నారు. తెలుగు వినపడితే ఆగుతామా! వెళ్ళి పలకరించాను. జగిత్యాల దిక్కట, పడవల వర్క్‌షాపులో ఇరవయ్యారేళ్ళుగా ఫైబర్ పని. నా ఫోన్లో పగిలిన ముక్కు ఫోటో చూపించాను. డాక్టరు ఎక్స్‌రే చూసినట్టు చాలాసేపు చూశారు.

"ఇది సావలే మేడం. బొక్క ఇరిగింది, అంతే. అతుకుతది" అన్నారు. బొక్కంటే వాళ్ళ వైపు ఎముక.

మర్నాడు కాదు, మళ్ళీ శుక్రవారం తెల్లారుజామున మా గేటు ముందు చేపల వ్యాను ఆగింది. దోహాకి సరుకు తెచ్చే ఆ వ్యానులో ముందు సీట్లో కూర్చుని, వంద కిలోమీటర్లు దాటి వచ్చారు. ఆ తర్వాత ఏడాదిన్నర, డ్యూటీ పడిన వారాలు మినహాయిస్తే, ప్రతి శుక్రవారం అలాగే వచ్చారు. కూలి మాటెత్తితే చెయ్యి అడ్డం పెట్టేవారు. "సుట్టీ రోజు క్యాంపుల పండుకుంటె ఊరు యాదికొస్తది. గీడ పనన్న జరుగుతది" అనేవారు.

ఆయన పని మొదలుపెట్టే పద్ధతి చూడాలి మీరు. ముందు మోచేతుల దాకా పిల్లల పౌడరు దట్టించేవారు. ఫైబర్ నూగు ఒంట్లో దిగకుండానట. పనయ్యాక ఎంత చలికాలమైనా సరే చన్నీళ్ళతోనే కడుక్కునేవారు. వేన్నీళ్ళు పోస్తే ఆ నూగు లోపలికి పోతుందట. ఇవేవీ తెలీక నేను మొదటి వారం వేన్నీళ్ళ స్నానం చేసి రెండు రోజులు గోక్కుంటూ ఆఫీసుకెళ్ళాను. ఫైబర్‌కి పూసే రెసిన్ జిగురుని గట్టిపరిచే ద్రవాన్ని ఆయన "మందు" అనేవారు. దగ్గు టానిక్కు మూతతో కొలిచి పోసేవారు. కారు ముక్కలతో వచ్చిన పుస్తకంలో రాసిన కొలత వేరే ఉందని చూపిస్తే నవ్వారు.

"ఈ బుక్కు రాసినోడు ఈ ఎండల ఒక్కపారన్న నిలవడ్డడా?"

నాకు మొండితనం ఎక్కువ. ఓ మధ్యాహ్నం ఆయన లేనప్పుడు పుస్తకం కొలతతోనే కలిపాను. బ్రష్షు ముంచి తీసేలోపు మగ్గులోనే గడ్డకట్టి పొగలు కక్కింది. వారం తర్వాత వచ్చి, మగ్గులో నిలువునా ఇరుక్కున్న బ్రష్షుని చూసి, "మంచిగున్నది, జెండా పాతినవ్" అన్నారు.

అలాగని ఆయన తప్పు చేయలేదనుకోకండి. చేతులు పడవలకి అలవాటు పడ్డాయి కదా, తలుపుల అంచులకి పొర మీద పొర వేసి బందోబస్తుగా చేశారు. తీరా బిగిస్తే ఒక్క తలుపూ మూతపడదు. ఆయన తల గోక్కుని, "పడవకు తలుపులుండయి గద బిడ్డా! అలవాటుల మర్సిపోయిన" అన్నారు. మేమిద్దరం పడీ పడీ నవ్వాం. ఆ అంచుల్ని రెండు శుక్రవారాలు కూర్చుని ఆయనే అరగదీశారు. నేను గరుకు కాగితం పట్టుకుంటే లాక్కుని, "ఒండినోడే గిన్నె తోమాలె" అన్నారు. తలుపులు మూతపడని ఆ రోజు నుంచే నేను మేడం కాస్తా బిడ్డనయ్యాను.

నునుపు వచ్చిందో లేదో ఎప్పుడూ కళ్ళతో చూసేవారు కాదు. కళ్ళు మూసుకుని అరచెయ్యి నడిపించేవారు. "కండ్లు మోసపోతయి. చెయ్యి మోసపోదు" అనేవారు. ఈ ఒక్క పాఠానికే నేనాయనకి జీవితాంతం రుణపడి ఉంటాను. ఆఫీసులో స్క్రీను మీద బిల్డింగు డ్రాయింగు అంతా బాగున్నట్టు కనిపించినా, ఇప్పుడు ఒకసారి సైటుకెళ్ళి పనిని ముట్టుకుని చూస్తున్నాను.

ఒకసారి టీ తాగుతూ అడిగాను, మీరు చేసిన పడవల్లో సముద్రం మీదికి ఎంత దూరం వెళ్ళారని. "ఒక్కదాంట్ల కూడ కూసోలే. చేసినోడు ఒడ్డుమీదనే ఉంటడు బిడ్డా" అన్నారు, మామూలుగానే. గ్లాసు కింద పెట్టి, కారు ముక్కు మీద చెయ్యేసి, "ఇది నడిచిన్నాడు నన్నొక రౌండు తిప్పు. నాకు గదే కూలి" అన్నారు. తప్పకుండా తిప్పుతానని మాటిచ్చాను.

తర్వాత వర్క్‌షాపు మూసేస్తున్నారన్నారు. అరవై దాటిన మనిషికి వేరే కంపెనీలో వీసా ఎవరిస్తారు? టిక్కెట్టు వచ్చేసింది. ఆఖరి శుక్రవారానికి కారు ఒళ్ళంతా రంగు పడింది, సీట్లు పడ్డాయి, ఇంజను పడింది. ఆయన ఇస్త్రీ చొక్కా వేసుకుని వచ్చారు. నేను తాళం తిప్పాను. కర్ కర్‌మంది, అంటుకోలేదు. గంటసేపు తిప్పాను. బ్యాటరీ నీరసించింది. ఎండెక్కింది, గేటు బయట వ్యాను హారన్ కొట్టింది. నాకు ఏడుపొచ్చేసింది.

"ఏడుస్తవేంది, నెట్టుండ్రి!" అని ఆయనే స్టీరింగు ముందు కూర్చున్నారు. నేనూ, మా ఆయనా, వ్యాను డ్రైవరూ కలిసి గేటు దాకా నెట్టాం. ఆయన నోటితోనే పాం పాం అంటూ, "యల్లా, యల్లా!" అని అరబ్బీలో మమ్మల్ని అదిలించారు. దిగి, బానెట్టుని తట్టి, "మల్ల వచ్చినప్పుడు మోటరు మీద తిరుగుత" అన్నారు. మళ్ళీ రావడం లేదని మా అందరికీ తెలుసు. మాటిచ్చి తప్పానన్న బాధతోనే నేను ఆ కారు మీద గుడ్డ కప్పేశాను.

సోమవారం ఆ ఫోన్ వచ్చిన సాయంత్రమే గుడ్డ తీశాను. మధ్యాహ్నాలు సెలవు పెట్టాను. "ఇన్నాళ్ళూ కదలనిది పది రోజుల్లో కదులుతుందా?" అన్న మా ఆయన, నా మొహం చూసి టార్చి పట్టుకున్నారు. ప్లగ్గులు మార్చాను, కదల్లేదు. పెట్రోలు గొట్టాలు విప్పి కడిగాను, కదల్లేదు. ఆరో రోజు, ఏడో రోజు, ఎనిమిదో రోజు. కన్నీళ్ళు పెట్టుకునే ఓపిక కూడా అయిపోయింది, పంతం ఒక్కటే మిగిలింది. తొమ్మిదో రోజు కారు కింద వెల్లకిలా పడుకుని, ఇంజనుకి పెట్రోలు తోసే చిన్న మోటారు మీద చెయ్యి పెట్టాను. మా ఆయన తాళం తిప్పారు. మోటారులో చలనం లేదు. ఇంజనుకి ఒక్క చుక్క పెట్రోలు అందలేదన్నమాట.

దానికి ఒకటే వైరుంది. అదీ నేను బిగించిందే. మామూలు కార్లలో కరెంటు ఒక వైరులో వెళ్ళి ఇనప బాడీ గుండా తిరిగొస్తుంది, కాబట్టి ఒక్కటి చాలు. కానీ నేను బిగించింది ఫైబర్‌కి. ఫైబర్‌లో కరెంటు ఎలా తిరిగొస్తుంది? రోజంతా బిల్డింగులకి ఎర్తింగ్ డ్రాయింగులు గీసేదాన్ని నేను! కారు కిందే తల బాదుకున్నాను.

అంతకంటే ఎక్కువ గుచ్చింది ఇంకోటి. ఆ మోటారు బిగిస్తున్న రోజు ఆయన నా పక్కనే ఉన్నారు. "పడవలల్ల మేము రెండు వైర్లు ఏస్తం బిడ్డా. పోను ఒకటి, రాను ఒకటి. నువ్వు ఒక్కటే ఏసినవేంది?" అని అడిగారు. "కార్లలో అంతే మేస్త్రిగారూ, మీకు తెలీదు" అన్నాను. మీకు తెలీదు అన్నాను! ఆయన సరేనని తలూపారు. ఆఖరి శుక్రవారం బండి అంటుకోనప్పుడు ఆయనకి గుర్తొచ్చే ఉంటుంది. అయినా అందరి ముందూ నన్ను చిన్నబుచ్చలేదు. నెట్టమన్నారు, నవ్వించారు, ఊరికెళ్ళి నడిచిందని చెప్పారు.

రెండో వైరు వేయడానికి పది నిమిషాలు పట్టింది. తాళం తిప్పగానే ఇంజను అంటుకుంది. కాంపౌండు చుట్టూ ఒక రౌండు తిప్పాను, మా ఆయన వీడియో తీశారు. పక్క సీటు ఖాళీగానే ఉంది. ఆ రౌండంతా నేను బిగ్గరగా ఏడుస్తూనే నడిపాను, సిగ్గేమీ పడలేదు.

వీడియో పంపేటప్పుడు నీళ్ళు నమల్లేదు. "ఇందులో బాపు లేరమ్మా. ఆయన ఉన్నప్పుడు బండి నడవలేదు. తప్పు నాది, ఆయన పనిలో ఏ లోపమూ లేదు. ఇవాళే నడిచింది" అని ఉన్నదున్నట్టు చెప్పి పంపాను. ఫోన్లో చూసినట్టు గుర్తు వచ్చింది.

మర్నాడు మధ్యాహ్నం ఆ పిల్ల ఒక వీడియో పంపింది. ఇంటి ముందు పందిరి, గోడకి ఆనించిన మేస్త్రి ఫోటో, దండ. ఎదురుగా విస్తట్లో అన్నం, మాంసం, పక్కన టీ గ్లాసు. చుట్టూ జనం కూర్చున్నారు. ఫోటో ముందు నిలబెట్టిన ఫోన్లోంచి, సౌండు మొత్తం పెంచినట్టున్నారు, నా బండి ఇంజను చప్పుడు ఆ వాకిలంతా మోగుతోంది. మేస్త్రి భార్య వంగి, ఆ ఫోన్‌ని ఫోటోకి ఇంకాస్త దగ్గరగా జరిపింది.

"ఇగో, నీ బండొచ్చింది" అంది. "ఎక్కు."