రెండు పళ్లు ఎక్కువ

సోమందేపల్లెలో బోరు మోటరు కాలిపోతే రైతులు నేరుగా లాల్ అహమ్మద్ దగ్గరికే వస్తారు. తీగ చుట్టడంలో అతనిది అందె వేసిన చెయ్యి. నోరు కూడా తక్కువది కాదు. "మోయలేని బరువు నెత్తిన పెడితే మోటరు కాలక ఏం చేస్తాదప్పా?" అని వచ్చినవాడికి తలంటనిదే పని ముట్టుకోడు.

అలాంటి పెద్దమనిషికి యాభై దాటాక బొమ్మకార్ల పిచ్చి పట్టింది. బ్యాటరీతో నడుస్తూ, చేతిలోని రిమోటు మాట వినే కార్లు. ఆదివారం వస్తే ఎండిన చెరువులో పందెం. అక్కడ ఒక కట్టుబాటు ఉంది. ఎవరి బండికి వాళ్లు గేరు లెక్క వేసుకోకూడదు, పక్కవాడు వేసిపెట్టాలి. మోసం ఉండదని అలా పెట్టుకున్నారు, పాపం.

శెనక్కాయలు పండించే లింగప్ప బండికి లెక్క వేసేది లాల్ అహమ్మద్. గెలిచేది మాత్రం ఎప్పుడూ లింగప్పే. స్నేహితుడే అయినా ఆ గెలుపు లాల్ అహమ్మద్‌కు కంట్లో నలుసైంది.

"లాలన్నా, మా కూతురు ఆశ్రిత కొనిచ్చిన బండి. ఎంత స్పీడు పోతాదో అంతా పోవల్ల," అన్నాడు లింగప్ప ఒకరోజు.

మోటరు నిమిషానికి తిరిగే చుట్లను దాని కొనకున్న చిన్న చక్రం పళ్లతో గుణించి, ఇరుసు వైపున్న పెద్ద చక్రం పళ్లతో భాగించి, టైరు చుట్టుకొలతతో గుణిస్తే వేగం వస్తుంది. చిన్న చక్రానికి రెండు పళ్లు పెంచితే కాగితం మీద బండి దూసుకుపోతుంది. చెరువు మన్నులో మాత్రం మోటరు ఆ బరువు లాగలేక కాలిపోతుంది. ఊరందరికీ తలంటే మనిషి ఆ రోజు నోరు మెదపలేదు. రెండు పళ్లు ఎక్కువున్న చక్రమే బిగించాడు. అడిగింది వేగం, ఇచ్చింది వేగం, నా తప్పేముందని సర్దిచెప్పుకున్నాడు.

పందెంలో లింగప్ప బండి పొగ కక్కి నిలిచిపోయింది. లాల్ అహమ్మద్ గెలిచాడు. అందరికంటే గట్టిగా చప్పట్లు కొట్టింది లింగప్పే. ఇంటికొచ్చాక భార్య హబీబా సంబరంగా వడ్డించిన అన్నం సగంలోనే వదిలేసి లేచాడు.

మర్నాడు లింగప్ప బండిని, కాలిన మోటరును తెచ్చి బల్ల మీద పెట్టాడు. "నేనే సరిగ్గా తోలల్యా అన్నా. నువ్వు కష్టపడి లెక్క వేసిస్తే పాడు చేసుకున్నా. దీనికి నువ్వే తీగ చుట్టల్ల."

లాల్ అహమ్మద్‌కు తల కొట్టేసినట్టయింది. తన బండి మోటరు ఊడదీసి లింగప్ప బండికి బిగించాడు. చిన్న చక్రం కూడా మార్చాడు.

"ఈ మన్నుకు ఇది చాలప్పా. రెండు పళ్లు ఎక్కువైతే మోటరు కాలుతాది."

లింగప్ప ఆ చక్రం వంక చూశాడు. "ఈ సంగతి పోయిన వారం నీకు తెలీదా అన్నా?"

తెలీదంటే సరిపోయేది. లింగప్ప నమ్మేవాడు కూడా.

"తెలుసు," అన్నాడు లాల్ అహమ్మద్.

లింగప్ప తిట్టలేదు. తిట్టినా బాగుండేది. స్క్రూడ్రైవరు అందుకుని, అప్పుడే బిగించిన మోటరును తానే ఊడదీసి బల్ల మీద పెట్టాడు. కాలిన మోటరును జేబులో వేసుకుని, బండిని చంకన పెట్టుకుని వెళ్లిపోయాడు.