బతికినవాటి లెక్క

ఆవిడ పని లెక్కపెట్టడం. నీళ్లను పరీక్షించే ప్రయోగశాలలో ఇరవై రెండేళ్లుగా అదే పని. లెక్కపెట్టేది నీటి పురుగుల్ని. ఒక్కోటి ఆవగింజంత కూడా ఉండదు. ఒళ్లు గాజులా ఉంటుంది. ఈదడం రాదేమో అన్నట్టు గెంతుతాయి.

అక్కడ అందరూ ఆవిడని పిన్ని అంటారు. నెల క్రితం వచ్చిన కుర్ర ఆఫీసరు కూడా రెండో రోజుకే పిన్నీ అన్నాడు.

కిటికీ పక్క అరలో ఆరు గాజు సీసాలు. మొదటిదానిలో మంచినీళ్లు. మిగతావాటిలో ఒక కొత్త సబ్బుపొడి: లీటరుకి ఒక మిల్లీగ్రాము, రెండు, నాలుగు, ఎనిమిది, పదహారు. సీసాకి ఇరవై పురుగులు. రెండు రోజులు ఆగి లెక్కపెట్టాలి. ఎంత మోతాదుకి సగం చస్తాయన్నది కావలసిన అంకె. సరిగ్గా సగం చచ్చిన సీసా దొరకడం అరుదు. అందుకని ఉన్న లెక్కల మీదుగా కంప్యూటరు ఒక గీత గీసి, సగం ఎక్కడో అంచనా కడుతుంది. ఈసారి అంకె సాయంత్రానికల్లా పంపాలి.

పిన్ని సీసాను వెలుతురుకి ఎదురుగా పెడుతుంది. కదిలేదాన్ని డ్రాపరుతో పీల్చి, ఆ సీసా ముందున్న చిన్న గిన్నెలోకి వదులుతుంది. "ఒకటి. నువ్వు రెండు. ఆగవే తల్లీ, ఎక్కడికా పరుగు? మూడు."

దర్జీ పని చేసే భర్త ఒకసారి ఇది చూశాడు. "నాతో ఎప్పుడైనా ఇంత ముద్దుగా మాట్లాడావా?" అన్నాడు.

"వాటిలా నోరు మూసుకుని ఉండండి, మాట్లాడతాను," అంది.

ఆ మధ్యాహ్నం ఆఫీసరు ఆవిడ రిజిస్టరు మొదటిసారి తెరిచాడు. ఇరవై, ఇరవై, పద్దెనిమిది, పదకొండు, మూడు, సున్నా. వాటిని కంప్యూటరులో 'చచ్చినవి' అన్న గడిలో కొట్టాడు. పైకెక్కాల్సిన గీత కిందికి జారింది. మంచినీళ్లలో అన్నీ చచ్చాయట. ఘాటు నీళ్లలో ఒక్కటీ చావలేదట.

కాసేపు గడ్డం గోక్కున్నాడు. అంకెల వరస తిరగేసి కొట్టాడు. గీత బుద్ధిగా పైకెక్కింది. ఒకటి పాయింట్ తొమ్మిది అంది కంప్యూటరు.

"పిన్నీ, సీసాలు తిరగేసి పెట్టారా?"

"ఏ సీసాలు సార్?"

"అవే. చీటీలు అటుదిటు అయినట్టున్నాయి. కంగారు పడకండి, నేను సర్దేశాను. కాకపోతే రిజిస్టరులో ఒక ముక్క రాయాలి. సీసాలు తారుమారు అని." పెన్ను మూత తీశాడు.

ఇరవై రెండేళ్లలో ఆ రిజిస్టరులో ఒక్క కొట్టివేత లేదు. ఆ ముక్క పడితే లెక్క ఇంకొకరికి పోతుంది. తనను వెనక గదిలో సీసాలు కడగడానికి పంపుతారు. కడగడం చిన్నతనమేమీ కాదు. కానీ ఇరవయ్యోది కూడా గిన్నెలో గెంతినప్పుడు కలిగే సంబరం ఆ గదిలో ఉండదు.

"పెన్ను మూత పెట్టండి సార్," అంది పిన్ని. "ఒకసారి ఇలా రండి."

మంచినీళ్ల సీసా ముందున్న గిన్నె చూపించింది. అతను వంగాడు. కళ్లద్దాలు నీళ్లకి తగలబోయాయి. గిన్నె నిండా బడి వదిలిన సందడి.

"ఇవి చచ్చినట్టున్నాయా?"

"లేదు."

"నా మంచినీళ్లలో చావడానికి వాటికేం పోయేకాలం?"

"మరి ఇరవై అని రాశారు?"

"ఇరవై ఉన్నాయి కాబట్టి."

"రాయాల్సింది చచ్చినవి కదా పిన్నీ!"

"చచ్చినవి ఎక్కడికి పోతాయి సార్? అడుగున పడుంటాయి. పరిగెత్తేవాటినే పట్టుకుని లెక్కపెట్టాలి. పాత సారు ఇరవైలోంచి తీసేసుకునేవారు."

పాత సారు పదవీ విరమణ చేసి నెలయింది. అప్పగింతల్లో ఈ సంగతి చెప్పలేదు. ఆయనకి ఇది చెప్పాల్సిన సంగతిలా తోచి ఉండదు.

ఆఫీసరు ముఖం మొదట పాలిపోయింది. "ఒకటి పాయింట్ తొమ్మిది పంపేసేవాణ్ని. గీత అంత అందంగా వచ్చింది మరి!"

"అందానికేం సార్. మా ఆయన చొక్కాలు భలే అందంగా కుడతారు. పక్కవాడి కొలతలతో కుడితే ఎవరు తొడుక్కుంటారు?"

అతనికి నవ్వాగలేదు. పిన్నికీ ఆగలేదు. నవ్వుకి అర వణికింది. గిన్నెల్లో పురుగులు ఇంకాస్త గెంతాయి.

అతను లేచి తన కుర్చీ ఇచ్చాడు. "మీరే కొట్టండి."

పిన్ని ఒక్క వేలితో కొట్టింది. సున్నా, సున్నా, రెండు, తొమ్మిది, పదిహేడు, ఇరవై. గీత పైకెక్కింది. నాలుగు పాయింట్ మూడు. దాని కింద చిన్న అక్షరాలతో ఇంకో రెండు అంకెలు.

"ఇవేంటి సార్?"

"అసలు జవాబు మూడున్నరకీ, అయిదుకి కాస్త పైకీ మధ్యలో ఎక్కడో ఉంటుందని. అంతకన్నా కచ్చితంగా తనకీ తెలీదట."

"తెలీదని చెప్పుకుంటోందా?" పిన్ని తెరను కొత్తగా చూసింది. "మంచిదే పాపం."

రిజిస్టరు ఆవిడ ముందుకి జరిపాడు. అంకెల వరసకి పైన ఎప్పుడూ ఏ పేరూ లేదు. పిన్ని పెన్ను మూత తీసి 'బతికినవి' అని రాసింది. కింద గీత గీసింది, రెండుసార్లు.

అంకె వెళ్లిపోయింది. ఇంకా ఎండ ఉంది. మంచినీళ్ల గిన్నెలోవాటిని పెద్ద తొట్టిలోకి వదలాలి. డ్రాపరు అతనే అడిగి తీసుకున్నాడు.

"ఒకటి. రెండు. ఇదిగో, మూడు..."

ఏడు దగ్గర తప్పాడు.

"మళ్లీ మొదటినుంచి సార్," అంది పిన్ని.