పిల్లి ముద్ద వదిలేసిన రోజు

ఆరేళ్లుగా మోస్తున్నాను దీన్ని. మొన్న సగం దించాను, మా అత్తగారి దగ్గర. మిగతా సగం మీ దగ్గర. మీరెవరో నాకు తెలియదు, నేనెవరో మీకు తెలియక్కర్లేదు. ఒక్కటి మాత్రం ముందే చెప్పేస్తాను. క్షమించమని అడగడానికి రాయడం లేదు. జాలి కూడా వద్దు. నా వల్ల మా అత్తగారికి ఒక కన్ను పోయింది. మోయలేక చెప్తున్నాను, అంతే.

మాది చీరాల, మగ్గాల ఇల్లు. మా అమ్మ ఎండు నెత్తళ్ల చేపలు వేయిస్తే వీధి చివరి పిల్లులు కూడా మా గుమ్మంలో బారులు తీరేవి. ప్రేమించి పెళ్లి చేసుకుని, చిలకలూరిపేట దగ్గర ఒక పల్లెకి కోడలిగా వచ్చాను. మిర్చి పండించే ఇల్లు. వాళ్లింట్లో నీచు ముట్టరు. కోడిగుడ్డు పేరెత్తినా మా అత్తగారు ముక్కుకి చెంగు అడ్డం పెట్టుకుంటుంది. పెళ్లికి ముందే నా చేత మాట తీసుకుంది, జన్మలో ఇక నీచు తిననని. ఇచ్చాను. ఇరవై మూడేళ్ల పిల్ల, మనసు పడినవాడి కోసం ఏ మాట ఇవ్వదు? అలాంటి మాట అడగడం ఆమె తప్పు కాదా? తప్పే. ఇప్పటికీ అదే అంటాను.

ఆ ఇంట్లో ఒక పిల్లి ఉంది. పేరు బంగారి. పెరుగన్నం తిని బతికే పిల్లి. దాని భోజనం తంతు చూసి తీరాలి. గిన్నెలో అన్నం పెట్టి వెళ్లిపోతే ముట్టదు. మధ్యాహ్నం ఒంటిగంటకి మా అత్తగారు పీట వేసుకుని పక్కన కూర్చోవాలి, వీపు మీద చెయ్యి వేయాలి. అప్పుడు రెండు ముద్దలు తిని, తలెత్తి ఆమె ఉందో లేదో చూసి, మళ్లీ తింటుంది. ఆమె మధ్యలో లేచిందా, తిండి వదిలేసి వెనకాలే పోతుంది. "దీనికి నేనంటే ప్రాణం" అని వచ్చినవాళ్లందరికీ చెప్పేది. నాకు ఒళ్లు మండేది. అందరూ తిన్నాక వంటింట్లో ఒక్కదాన్నే తినేదాన్ని నేను. నా పక్కన పీట వేసుకుని ఎవరు కూర్చున్నారు?

మూడో ఏడు మిర్చి కోతలయ్యాయి. ఇంటి వెనకే కల్లం. కాయలు ఆరబోశారు. కూలికి వచ్చిన ఆడవాళ్లు తెల్లబారిన తాలుకాయలు ఏరుతుంటే దగ్గరుండి చూసుకోవడం నా పని. పన్నెండింటికి వాళ్లు బాక్సులు విప్పేవాళ్లు. ఒకరోజు సువార్తమ్మ అనే ఆమె మూత తీసింది. ఎండు నెత్తళ్ల వేపుడు. నా మొహంలో ఏం కనిపించిందో, బాక్సు నా వైపు జరిపి, "తినండమ్మా, ఈ మిరప ఘాటులో ఎవరి ముక్కుకి తెలుస్తది?" అంది. నిజమే. ఊరంతా తుమ్ముతూ దగ్గుతూ తిరిగే రోజులవి. చెయ్యి చాపాను. మూడేళ్ల తర్వాత ఆ ఉప్పు నాలుక్కి తగిలేసరికి ఏడుపొచ్చింది. దానికి మాత్రం సిగ్గుపడను. ఈ రోజుకీ పడను.

మర్నాడు బంగారి వాసన పట్టుకుని కల్లంలోకి వచ్చింది. నాలుగు చేపలు వేశాను. నా పక్కనే కూర్చుని తిని, తలెత్తి నన్ను చూసి, మళ్లీ తింది. ఆ ఇంట్లో నాతో కలిసి భోంచేసిన మొదటి ప్రాణి అదే. ఇక రోజూ వచ్చేది. రోజూ పెట్టేదాన్ని.

సరిగ్గా ఆ రోజుల్లోనే మా అత్తగారికి కుడికన్ను మసకబారింది. గుంటూరులో డాక్టరు చూసి నీటికాసులన్నాడు. ఆలస్యం చేస్తే పోయిన చూపు తిరిగి రాదు, వెంటనే ఆపరేషన్ చేయాలన్నాడు. రోజు కూడా ఖాయమైంది. ఆ ముందు రోజు ఒంటిగంటకి ఆమె పీట మీద కూర్చుని పిల్చింది. వెళ్లాను. బంగారి గిన్నె వాసన చూసింది. ముట్టలేదు. ముందు కాలితో గిన్నె చుట్టూ నేల గీకడం మొదలుపెట్టింది.

"చూశావటమ్మాయ్? నాలుగు రోజుల్నించీ ఇదే వరస. మట్టి కప్పినట్టు గీకుతోంది. మీ మామయ్య పోయే ముందు రోజు కూడా అచ్చం ఇలాగే చేసింది. నేను రేపు వెళ్లనే. ఆ బల్ల మీంచి లేవను."

"ఆకలి లేదేమో అత్తయ్యా."

"ఆకలెందుకుండదే? బయటేమన్నా తిందా? నువ్వేమన్నా చూశావా?"

"లేదత్తయ్యా. నేను చూళ్లేదు."

అంతే. మూడు ముక్కలు.

నాకు తెలుసు. పిల్లుల మధ్య పెరిగినదాన్ని. కడుపు నిండిన పిల్లి, మిగిలింది దాచుకుందామని అలా గీకుతుంది. సిమెంటు గచ్చయినా సరే, మట్టి ఉన్నట్టే గీకుతుంది. మామగారు పోయే ముందు రోజు ఏ ఎలుకో దొరికి ఉంటుంది దానికి. ఆ మాటైనా అనొచ్చుగా? చేపల సంగతి ఎత్తకుండానే, మా ఇంట్లో పిల్లులూ ఇంతే అత్తయ్యా అని నవ్వేయొచ్చుగా? అనలేదు. మా ఆయన బతిమాలాడు, కోప్పడ్డాడు. ఆమె కదల్లేదు. నేను పక్కనే నిలబడి మంచినీళ్లు అందించాను. ఆ రోజు కాకపోతే మర్నాడు చెప్పొచ్చు, కాయలన్నీ బస్తాలకెత్తాక చెప్పొచ్చు, ఆమె గడప తన్నుకుని పడిన రోజునైనా చెప్పొచ్చు, ఇలా చెప్పగలిగిన రోజులన్నీ ఒక్కొక్కటే దాటించాను. ఏడాది తిరిగేసరికి కుడికంట్లో వెలుతురు కూడా లేదు. ఆమె మాత్రం, కన్ను పోతే పోయింది, నా బంగారి నన్ను బతికించింది అని ఊరంతా చెప్పుకుంది. విన్నాను. వింటూ వడ్డించాను.

ఈ ఏడు ఎడమకన్ను. అదే జబ్బు, అదే మాట. బంగారి ముసలిదైంది, పళ్లూడాయి, మళ్లీ ముద్దలు వదిలేస్తోంది. నేను వెళ్లను అంది ఆమె. ఇక నేనాగలేదు. నేల మీద కూర్చుని చెప్పేశాను. ఆ రోజుల్లో అది నా చేత్తో చేపలు తిని వచ్చేదని, నేనూ తిన్నానని, తెలిసీ అబద్ధమాడానని. ఆమె పిల్లి వీపు మీంచి చెయ్యి తీసేసింది. నా వైపు తిరగలేదు. వారం తిరక్కుండా కొడుకుని వెంటబెట్టుకుని వెళ్లి ఆపరేషన్ చేయించుకుంది. ఎడమకన్ను నిలిచింది. అప్పట్నించీ నాతో మాట లేదు. తన అన్నం తనే వండుకుంటోంది.

చేపలు తిన్న సంగతి బయటపడుతుందని భయపడి అబద్ధమాడాననుకుంటోంది. అనుకోనీ. ఆమెకి చెప్పని సగం ఇదీ.

భయం ఉంది, కాదనను. కానీ భయం ఆ ఒక్క పూటదే. ఆ రోజు ఆమె గిన్నెని దాని మూతి దగ్గరికి జరిపి, "తినవే తల్లీ, ఒక్క ముద్ద" అని బతిమాలింది. బంగారి లేచి, ఆమెని దాటుకుని, నా కాళ్ల దగ్గరికొచ్చి పడుకుంది. ఆమె మొహం పాలిపోయింది. నాకు సంతోషం వేసింది. మామూలు సంతోషం కాదు, పండగలా వేసింది. ఆ సంతోషం కోసమే మర్నాడు కూడా కల్లంలో దానికి చేపలు వేశాను. ఆ మర్నాడూ వేశాను. ఆమె పీట మీద కూర్చుని ఎదురుచూస్తుందని తెలిసే వేశాను. ఆమె కన్ను పోవాలని కోరుకున్నానా? లేదు. ఒట్టు. ఆమె ఓడిపోవాలని కోరుకున్నాను. కన్ను దాంతోపాటు పోయింది.

ఇప్పుడు నేను వాకిట్లోంచి వెళ్తుంటే ఆ మిగిలిన కంటితో నన్ను చూస్తుంది. గుమ్మం దాటేదాకా చూస్తూనే ఉంటుంది. చూడనీ. తల దించుకుని మాత్రం వెళ్లను. చూడగలుగుతోంది, నాకది చాలు.